ఆంగ్ల పలుకుబడులలో పాదము

“హి గాట్ కోల్డ్ ఫీట్” అను చిన్న వాక్యమును తెలిగింపుమని అడిగినచో, నిఘంటువు చేతనున్న విద్యార్థి “అతనికి పాదములు చల్లబడెను” అని వ్రాయును. ఆ తెలుగు చదివినవారు కంగారుపడుదురు. తెలుగునాట కాళ్ళు చల్లబడినవనగా ప్రాణము మీదికి వచ్చినదని యర్థము. ఆంగ్లవాక్యమునందు రోగియు లేడు, వైద్యుడును లేడు. ఒక పనికి ముందుగా ధైర్యముతో ఒప్పుకొని, తీరా ఆ గడియ వచ్చునప్పటికి జంకి వెనుదీసిన మనుష్యుడు మాత్రమే కలడు. ఈతపందెమునకు పేరిచ్చి, చెరువుగట్టున నిలిచి “నేడు వలదు” అనువాడును, ముహూర్తము దగ్గరపడగా పెండ్లికి వెనుకాడువాడును ఆ మాటకు తగినవారే. విద్యార్థి వ్రాసిన దానిలో ప్రతి పదమునకును అర్థము సరిగా నున్నది; వ్యాకరణదోషమును లేదు; అయినను అనువాదము పూర్తిగా తప్పు.

ఇట్టి తప్పునకు కారణము విద్యార్థి అశ్రద్ధ కాదు. ‘ఫుట్’ అను మాట ఆంగ్లమున ఒక్క అవయవమునకు మాత్రమే పేరుగా నిలిచియుండలేదు. పాదము దేహభారమును మోయును, మనుష్యుని నడిపించును, దేహమున కెల్ల అడుగున నుండును. ఒకప్పుడు నేలను కొలుచుటకును అదియే సాధనమయ్యెను. ఆ మాట చేరిన పలుకుబడులలో ఈ పనులలో ఏదో యొకటి ప్రాయికముగా దాగియుండును. ఆ పని యేదియో పట్టుకొన్నవానికి పలుకుబడి సులభముగా లొంగును. పట్టుకొనలేనిచో నిఘంటువు పది పుటలు త్రిప్పినను ప్రయోజనము తక్కువ.

మొదట ఆ మాట పుట్టుక చూడదగినది. ఫుట్ అనునది చెవికి పరాయి శబ్దమువలె తోచును గాని, అది సంస్కృతమునందలి ‘పాద’ శబ్దమునకు దూరపు జ్ఞాతి. 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభయందు సర్ విలియం జోన్స్ ప్రసంగించుచు, సంస్కృతమును, గ్రీకు లాటిను భాషలును ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని చెప్పెను. పిమ్మట డెన్మార్కు దేశీయుడగు రాస్క్ 1818లోను, జర్మను పండితుడగు యాకోబ్ గ్రిమ్ 1822లోను ఆ భాషలలో ధ్వనులు మారిన తీరును క్రమముగా నిరూపించిరి. పిల్లల కథలను సేకరించి లోకమున పేరుగాంచిన గ్రిమ్ సోదరులలో పెద్దవాడే ఈ యాకోబ్. మూలభాషయందలి పకారము ఆంగ్లము పుట్టిన శాఖలో ఫకారముగను, దకారము టకారముగను మారినవి. పితృశబ్దమునకు ఆంగ్లమున ఫాదర్, పంచకు ఫైవ్, దశకు టెన్ అని యున్నట్లే పాదమునకు ఫుట్ అని యున్నది. వేషము మారినను మాట అదియే.

గ్రీకు, లాటిను శాఖలలో పకారము చెక్కుచెదరలేదు. ఆ భాషలనుండి ఆంగ్లము ఎరువు తెచ్చుకొన్న మాటలలో పాదము ‘పెడ్’ అనియు, ‘పాడ్’ అనియు, ‘పస్’ అనియు కనబడును. సైకిలును నడుపుటకు పాదముతో త్రొక్కునది పెడల్. ఎనిమిది పాదముల సముద్రజంతువు ఆక్టోపస్. కెమెరాను నిలుపు మూడుకాళ్ళ ఆధారము ట్రైపాడ్. అడ్డగించుట అను నర్థముగల ‘ఇంపీడ్’ అను క్రియకు మొదటి యర్థము కాళ్ళకు బంధము వేయుట. త్వరపరచుట అను నర్థముగల ‘ఎక్స్‌పెడైట్’ అనుదానికి మొదటి యర్థము ఆ బంధమును విప్పుట.

మన యిండ్లలో కుర్చీల నడుమ నుంచు టీపాయి కథ మరింత వింతయైనది. దానిపై టీ కప్పులు పెట్టుదురు గనుక ఆ పేరు వచ్చినదని అనేకు లనుకొందురు. ఆ మాటకు తేయాకుతో పొత్తు లేదు. హిందీలో మూడు అను నర్థమిచ్చు ‘తీన్’, పారసీకమున పాదము అను నర్థమిచ్చు ‘పాయ్’ కలిసిన మాట యది. మూడుకాళ్ళ బల్ల యని దాని భావము. ఆంగ్లేయులు దానిని మన దేశముననే విని, తమ టీతో ముడివెట్టి వ్రాసికొనిరి. అది తిరిగి ఆంగ్లపదమువలె మన యిండ్లలో ప్రవేశించినది. పైజామాయు నిట్టిదే, పారసీకమున ‘పాయ్’ అనగా కాలు, ‘జామా’ అనగా వస్త్రము. ఇక నాలుగుకాళ్ళ జంతువునకు ఒక కాలు నాల్గవ వంతు గనుక సంస్కృతమున పాదమునకు నాల్గవ వంతు అను నర్థమును కలిగెను. పావు, పావలా అను మాటలు ఆ యర్థమునుండియే దిగివచ్చినవి. పావలా నాణెము 2011లో చెలామణినుండి తొలగింపబడినను మాట మాత్రము తొలగలేదు.

తెలుగు ‘అడుగు’ ఈ జ్ఞాతివర్గమునకు చెందినది కాదు. తమిళమునందలి ‘అడి’ దానికి తోబుట్టువు. అయినను అడుగు అను నొక్క మాటయే పాదమునకును, నడకలో ఒక అంగకును, కుండ క్రింది భాగమునకును, పండ్రెండంగుళముల కొలతకును చెల్లుచున్నది. వేర్వేరు కుటుంబములకు చెందిన రెండు భాషలు ఒకే దేహమును చూచి ఒకే విధముగా ఊహించినవి. అందుచేతనే ఆంగ్ల పలుకుబడులు కొన్ని తెలుగువానికి పాత పరిచయస్థులవలె ఎదురగును. మరికొన్ని పరిచయస్థులవలె నటించి మోసగించును.

వ్యాకరణమునందలి చిక్కు నొకదానిని ముందుగా తీర్చుకొనుట మేలు. ఫుట్ అను ఏకవచనమునకు బహువచనము ‘ఫుట్స్’ కాక ‘ఫీట్’ అగుటకు కారణము మిక్కిలి ప్రాచీనమైనది. ఒకప్పుడు బహువచనప్రత్యయమున ఇకారధ్వని యుండెడిది. రాబోవు ఇకారమునకు నోరు ముందే సిద్ధపడుటచేత మొదటి అచ్చు మారెను. కాలక్రమమున ప్రత్యయము జారిపోయెను. మారిన అచ్చు మాత్రము నిలిచెను. టూత్ అనునది టీత్ అగుటయు, గూస్ అనునది గీస్ అగుటయు ఇట్టివే. తెలుగున ‘కత్తి’ బహువచనమున ‘కత్తులు’ అగునప్పుడు రాబోవు ఉకారమునకు లోబడి ముందరి ఇకారము మారుట అందరును ఎరిగినదే. ఆంగ్లమున జరిగినదియు అటువంటి మార్పే.

రెండవ చిక్కు కొలత చెప్పునప్పుడు వచ్చును. గోడ ఎత్తు “సిక్స్ ఫీట్” అని చెప్పినను, ఆ గోడను విశేషణముతో చెప్పునప్పుడు “ఎ సిక్స్ ఫుట్ వాల్” అనియే యనవలెను. తెలుగున ఆరడుగుల గోడ యని బహువచనమే వాడుదుము గనుక పరీక్షలలో ఇచ్చట తప్పులు మెండు.

ఇక పలుకుబడులు. దేహమున పాదము అన్నిటికంటె క్రింద నుండుటచేత, దేని క్రింది భాగమైనను పాదమైనది. తిరుమల కొండ పాదమున అలిపిరి యున్నదని తెలుగున ననినట్లే ఆంగ్లమునను అనవచ్చును. పుట క్రింద చిన్న అక్షరములతో వ్రాసిన వివరణము ఫుట్ నోట్. నాటకరంగము ముందంచున నేలబారుగా నుంచు దీపముల వరుస ఫుట్ లైట్స్. ఈ మాటలు సులభములు. వీనిలో ఒక్కటి మాత్రము తికమక పెట్టును. అది “ఫుట్ ది బిల్”. బిల్లును కాలితో త్రొక్కుట యని తోచును గాని, అయిన ఖర్చంతయు తానే చెల్లించుట యని దాని భావము. నలుగురు మిత్రులు హోటలుకు పోయి ఫలహారము చేసిన పిదప ఒకడు అందరి సొమ్మును ఇచ్చినచో, ఆ పని చేసినవాడు వాడు. పాదమునకు ఇచ్చట నేమి పని? పూర్వము వర్తకులు పద్దులను నిలువు వరుసగా వ్రాసి, కూడి, మొత్తమును ఆ వరుస పాదమున వేసెడివారు. అట్లు కూడి వేయుటకే ‘ఫుట్’ అను క్రియ వాడుకయయ్యెను. మొత్తము తేల్చుట యను నర్థము కాలక్రమమున మొత్తము చెల్లించుటగా మారెను. కిరాణా చీటీలో నేటికిని మొత్తము అడుగుననే యుండును గనుక ఈ పలుకుబడికి సాక్ష్యము ప్రతి యింటను దొరకును.

నిలుచుటకు పాదమే ఆధారము. ఒకరిపై ఆధారపడక బ్రదుకుటను ఆంగ్లమున తన పాదములపై నిలుచుట యందురు. తెలుగున తన కాళ్ళపై తాను నిలుచుట యందుము. కొండ నెక్కువానికి కాలూనుటకు దొరకిన చోటు ఫుట్ హోల్డ్. కొత్త వ్యాపారమున తొలుత దొరకిన చిన్న నెలవునకును అదియే పేరు. ఆధారము బలహీనమైనచో పై వైభవమెంతయున్నను నిలువదను భావము “ఫీట్ ఆఫ్ క్లే”, అనగా మట్టిపాదములు, అను మాటలో గలదు. దీనికి మూలమైన కథ బైబిలులోని దానియేలు గ్రంథమున నున్నది.

బబులోను రాజగు నెబుకద్నెజరు ఒక రాత్రి కలగని కలతచెందెను. మరునాడు తన కొలువునందలి జ్ఞానులను పిలిపించి, కల యేదియో తాను చెప్పకయే, దానిని వారే చెప్పి దాని భావమును తెలుపవలెనని ఆజ్ఞాపించెను. చెప్పలేనివారికి మరణదండన యనెను. ఎవ్వరును చెప్పలేకపోయిరి. అప్పుడు దానియేలు అను యూదయువకుడు రాజు సముఖమునకు వచ్చి చెప్పెను. రాజు కలలో గాంచినది ఒక మహావిగ్రహము. దాని శిరస్సు మేలిమి బంగారము, రొమ్మును చేతులును వెండి, ఉదరమును తొడలును కంచు, పిక్కలు ఇనుము. పాదములు మాత్రము కొంత ఇనుము, కొంత మట్టి. ఎవ్వరును విసరకయే ఒక రాయి వచ్చి ఆ విగ్రహమును తాకెను. అది తాకినది శిరస్సును గాదు, పాదములను. అంతట బంగారమును, వెండియు, కంచును, ఇనుమును ఒక్కసారిగా పొడియై కళ్ళములోని పొట్టువలె గాలికి ఎగిరిపోయెను. ఒకదాని వెనుక నొకటిగా వచ్చి నశించు రాజ్యములకు అది సూచనయని దానియేలు వివరించెను. తరువాతి కాలమున జనులు ఈ మాటను వ్యక్తులకు అన్వయించిరి. మహనీయుడని పేరొందినవానియందు దాగియున్న దౌర్బల్యము బయటపడినప్పుడు ఆయనవి మట్టిపాదములని యందురు. ఈ మాటను అల్పుని గూర్చి వాడుట పొసగదు. బంగారు శిరస్సు ఉన్నవానికే మట్టిపాదములు ఉండగలవు.

పాదము మోపుటలోను తేడాలు కలవు. “పుట్ యువర్ ఫుట్ డౌన్” అనగా పాదమును నేలపై దిట్టముగా ఊని, ఇక జరుగదని ఖండితముగా చెప్పుట. తండ్రి కుమారుని అల్లరిని కొంతకాలము సహించి, తుదకు గట్టిగా వలదన్నప్పుడు ఈ మాట చెల్లును. “పుట్ యువర్ ఫుట్ ఇన్ ఇట్” అనగా అడుసులో కాలు వేసినట్లు అనరాని మాట అని చిక్కుకొనుట. చివరి చిన్న మాటలు మారినంతమాత్రమున దృఢచిత్తుడు తెలివిమాలినవాడయ్యెను. ఆంగ్లమున ఈ చిన్న మాటలను విద్యార్థులు లెక్కచేయరు. అర్థమంతయు తరచు వానిలోనే యుండును. అనరాని మాట అన్నవాడు తన పాదమును తన నోటిలోనే పెట్టుకొన్నాడనియు ఆంగ్లేయులు పరిహసింతురు. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని తెలుగు సామెత. సామెత వేరుచేసిన కాలిని, నోటిని ఆంగ్లము ఒక్కచోట చేర్చినది.

నడకకు సంబంధించిన పలుకుబడులలో కొన్ని తెలుగు విద్యార్థికి ఉచ్చులు. “డ్రాగింగ్ హిజ్ ఫీట్” అను దానిని కాళ్ళీడ్చుచున్నాడని తెలిగించినచో, అతడు అలసియున్నాడని తెలుగువాడు గ్రహించును. ఆంగ్లమున అది అలసట కాదు. చేయవలసిన పనిని ఇష్టము లేక కావలెనని జాగుచేయుట. “ఇచీ ఫీట్” అనగా పాదములకు దురద పుట్టుట కాదు. ఒక్కచోట నిలువలేక దేశములు తిరుగవలెనను తహతహ. కాళ్ళకు చక్రములు కట్టుకొన్నాడను తెలుగుమాట దానికి దగ్గరగా నున్నది. “టు స్టార్ట్ ఆన్ ది రైట్ ఫుట్” అను మాటలో తెలుగువానికి నూతన వధువు కుడికాలు ముందుంచి యింట ప్రవేశించుట స్ఫురించును. కాని ఇచ్చట ‘రైట్’ అనగా కుడి యనుటకంటె సరియైనది యను నర్థమే ప్రధానము. దానికి ప్రతిగా వాడునది ‘లెఫ్ట్ ఫుట్’ కాక ‘రాంగ్ ఫుట్’ అగుటయే ఇందుకు నిదర్శనము. వీనికి భిన్నముగా, మిక్కిలి ముదుసలియైనవానికి ఒక పాదము సమాధిలో నున్నదని ఆంగ్లేయు లనగా, కాటికి కాళ్ళు చాచుకొని యున్నాడని తెలుగువా రందురు. సమాధి కాడైనదే గాని ఊహ మారలేదు.

ఈ వర్గములో లోతైన విషయము గలది “ఎ ఫుట్ ఇన్ ది డోర్”. ఇంటింటికి తిరిగి సరకులమ్మువాడు, యజమాని తలుపు మూయబోవునప్పుడు తన పాదమును తలుపునకును గడపకును నడుమ నుంచును. తలుపు పూర్తిగా పడదు. మాట పొడిగించుటకు వానికి వీలు చిక్కును. దీనినిబట్టి, పెద్ద లాభమునకు దారితీయు చిన్న ప్రవేశమునకు ఆ పేరు వచ్చెను. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జోనథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ అను మనశ్శాస్త్రజ్ఞులు ఇందలి మర్మమును పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. కాలిఫోర్నియాలోని ఒక పట్టణమున వాహనములను జాగ్రత్తగా నడుపుడని వ్రాసిన పెద్ద పలకను ఇంటి ముంగిట పాతుకొనుటకు అంగీకరింతురా యని ఇండ్లవారిని అడిగించిరి. ఆ పలక వికారమైనది, ఇంటి ముఖమును కప్పివేయునంతటిది. నేరుగా అడుగబడినవారిలో నూటికి సుమారు 17 మంది మాత్రమే ఒప్పుకొనిరి. మరికొందరిని రెండు వారములు ముందుగా, అదే విషయము వ్రాసిన మూడంగుళముల చిన్న చీటీని పెట్టుకొనుడని కోరియుండిరి. అంత చిన్న కోరికను కాదనువారు అరుదు. ఆ తరువాత పెద్ద పలకను గూర్చి అడుగగా వీరిలో నూటికి 76 మంది ఒప్పుకొనిరి. చిన్న పనికి ఒకసారి ఔనన్న మనుష్యుడు, తాను ఇట్టి పనులకు తోడ్పడువాడనని తన్ను గూర్చి తానే భావించుకొనుట దీనికి కారణమని ఆ శాస్త్రజ్ఞులు ఊహించిరి. ఆ పద్ధతికి వారు పెట్టిన పేరు ఈ పలుకుబడియే. ఉచితముగా నొక చిన్న పొట్లమిచ్చి, పిదప పెద్ద డబ్బాను అంటగట్టు వర్తకుడు వారి వ్యాసమును చదివియుండడు. తలుపు సందున పాదమునకు ఎంత బలమున్నదో మాత్రము వానికి తెలియును.

కొలతగా పాదము చేసిన ప్రయాణము మరింత దీర్ఘమైనది. ఎవని పాదము కొలత యగును? ఒకని పాదము పొడవు, ఒకనిది పొట్టి. 16వ శతాబ్దమున జర్మనీలో యాకోబ్ కోబెల్ అనునతడు భూమి కొలుచు విద్యపై వ్రాసిన గ్రంథమున దీనికొక చక్కని యుపాయము చెప్పెను. ఆదివారము ప్రార్థన ముగిసి చర్చినుండి వెలువడువారిలో పదునారుగురిని, పొడవువారిని పొట్టివారిని ఎంచక, వచ్చినవారిని వచ్చినట్లే ఆపవలెను. వారి ఎడమపాదములు ఒకదాని వెనుక నొకటి తాకునట్లు వరుసగా నిలుపవలెను. ఆ మొత్తము పొడవు కొలకఱ్ఱ. దానిలో పదునారవ వంతు సరియైన అడుగు. సగటు అను గణితభావమును పామరులును కంటితో చూచునట్లు చేసిన యుపాయమిది. అయినను ఊరికొక అడుగు, దేశమునకొక అడుగు చిరకాలము చెల్లినవి. తుదకు 1959లో అమెరికా, బ్రిటన్ మొదలగు ఆరు దేశములు కూడి అడుగనగా సరిగా 0.3048 మీటరు అని నిర్ణయించినవి. అంతటితో అడుగు స్వతంత్రమును కోల్పోయి మీటరునకు లోబడినది.

భారతదేశమున 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చెను. 1958 అక్టోబరునుండి మెట్రిక్ పద్ధతి క్రమముగా అమలయ్యెను. బడిలో మీటరే నేర్పుదురు. అయినను అడుగు వెడలిపోలేదు. ఇండ్ల వైశాల్యమును చదరపు అడుగులలో చెప్పుకొనుట తెలుగు రాష్ట్రములలో నేటికిని వాడుక. నాగార్జునసాగరు జలాశయపు పూర్తి మట్టము 590 అడుగులు. శ్రీశైలముది 885 అడుగులు. కాలువలో పారు నీటిని క్యూసెక్కులలో చెప్పుదురు. క్యూసెక్కు అనగా సెకనునకు ఒక ఘనపుటడుగు, అనగా సుమారు 28.3 లీటర్లు. జలాశయమున నిలిచిన నీటిని టి.ఎం.సి.లలో చెప్పుదురు. ఇది ఆంగ్లమున “థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్” అను దీర్ఘపదమునకు సంక్షేపము; తెలుగున శతకోటి ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కుల నీరు ఒక పగలు ఒక రాత్రి ఎడతెగక పారినచో ఒక టి.ఎం.సి. యగును. 1976లో కృష్ణాజల వివాదముల ట్రిబ్యునల్ మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు 800 టి.ఎం.సి.లు పంచియిచ్చినది. కృష్ణా ఆయకట్టు రైతులు ఈ అంకెలకై ఎంత ఆరాటపడుదురో చెప్పనక్కరలేదు. వింత యేమనగా, ఆ సంక్షేపమున ‘ఫీట్’ అను మాటకు అక్షరము కూడ మిగులలేదు. టి వేయికి, ఎం మిలియనుకు, సి ఘనమునకు గుర్తులు. వేటిని ఘనము చేసిరో ఆ అడుగులు మాత్రము వాడుకలో జారిపోయినవి.

అట్లే అడుగు అదృశ్యమైన మరొక మాట ‘ఫుటేజి’. దొంగతనము జరిగిన చోట కెమెరా ఫుటేజిని పోలీసులు పరిశీలించిరని వార్తలలో వినబడును. చలనచిత్రములను ఫిల్ముపై తీయు కాలమున నిడివిని అడుగులలో కొలిచెడివారు. సినిమాహాళ్ళలో వాడిన 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కొక్క అడుగునకు 16 బొమ్మలు పట్టును. సెకనునకు 24 బొమ్మలు తెరపై నడచును గనుక నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము ఖర్చగును. తీసిన అడుగుల మొత్తమే ఫుటేజి. నేటి కెమెరాలో ఫిల్మును లేదు, అడుగును లేదు. పేరు మాత్రము మిగిలినది.

ఆంగ్ల ఛందస్సును చదువునప్పుడు మరొక జాగ్రత్త అవసరము. అచ్చటను ‘ఫుట్’ కలదు. గ్రీకులు తాళమునకు పాదము నెత్తి దింపుచు పద్యమును లెక్కించుటచేత, ఒక్కొక్క తాళపు భాగమునకు పాదమను పేరు కలిగెను. తెలుగు పద్యమునకు నాలుగు పాదములు. ఇచ్చట పాదమనగా నాల్గవ వంతు, ఒక పూర్తి పంక్తి. ఉత్పలమాల పాదమొకదానిలో ఏడు గణములుండును. షేక్స్పియరు నాటకములలో తరచు కనబడు పంక్తికి అయిదు ‘ఫీట్’ అని చెప్పిరి. అవి అయిదు పాదములు కావు. మన లెక్కలో గణముల వంటివి. జ్ఞాతులైన రెండు మాటలు ఛందస్సులోనికి వచ్చునప్పటికి ఒకటి పూర్తి పంక్తికిని, మరొకటి దానిలోని ముక్కకును పేరైనవి. పితృశబ్దము, ఫాదర్ శబ్దము ఒక్కటే యని తెలిసిన తెలివితోనే ఇచ్చట పాదమును, ఫుట్‌ను ఒక్కటిగా తలచువాడు తప్పక పొరబడును.

పాదము విడిచిన గుర్తు ఫుట్ ప్రింట్. 1969 జూలై 20న చంద్రునిపై దిగినవారిలో ఒకడగు ఆల్డ్రిన్ అచ్చటి ధూళిపై తన బూటు గుర్తును ఫోటో తీసెను. ఇక్కడ ఆ మాటకు అర్థము తిన్ననిది. కాని 1992లో కెనడా దేశీయుడగు విలియం రీస్ ‘ఎకలాజికల్ ఫుట్ ప్రింట్’ అను మాటను ప్రయోగించినప్పుడు అది నేలపై గుర్తు కాదు. ఒక జనసమూహము తినునది, వాడునది, పారవేయునది అంతయు సమకూర్చి భరించుటకు భూమిలో ఎంత వైశాల్యము కావలయునో ఆ లెక్కకు అది పేరు. ఒక నగరము నిలిచిన నేలకంటె దాని పాదముద్ర ఎన్నో రెట్లు పెద్దది. నగరవాసి తిను బియ్యము ఎక్కడనో పండును; త్రాగు నీరు ఎక్కడనుండియో వచ్చును; ఆ పొలములును, ఆ చెరువులును అతడు పాదము మోపనివే.

ఆంగ్లేయులు శరీరమును వర్ణించునప్పుడు తలనుండి పాదము వరకు అందురు. సంస్కృతము ఆపాదమస్తకము అని పాదముననే మొదలిడును. దేవతలను స్తుతించునప్పుడు పాదములనుండి ఆరంభించి కేశముల వరకు వర్ణించు సంప్రదాయమును మనకు కలదు. గురువు పాదముల చెంత కూర్చుండి చదువుకొనుట యను మాట మాత్రము రెండు చోట్లను సమానమే. గమలియేలు పాదములయొద్ద తాను విద్య నేర్చితినని పౌలు చెప్పినట్లు బైబిలులో నున్నది.

ఏ పనియు చేయని పాదము ఒక్క పలుకుబడిలో కలదు. ఎవడైనను నమ్మశక్యము కాని గొప్పలు చెప్పినప్పుడు ఆంగ్లేయుడు విసుగుతో “మై ఫుట్!” అనును. “వాడు పండితుడా? పండితుడు, మై ఫుట్!” అని వాడుక. ఇచ్చట పాదము మోయదు, నడువదు, కొలువదు, అడుగునను ఉండదు. నిఘంటువు చూచి ‘నా పాదము’ అని తెలిగించినచో విన్నవాడు వంగి చూచును. అదే సందర్భమున తెలుగువాడు “పండితుడా? నా తలకాయ!” అనును.